శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డ్రైవ్-ఇన్ థియేటరు నడపడం ఎలా

“బావూ, మా ఆటోకి రేడియో నేదు గదా, మాకు మాటెలా ఇనపడతాది?” అని రణస్థలం దగ్గర మేము తొలిసారి ఆరుబయట బొమ్మ వేసిన సాయంత్రం గేటు దగ్గర ఒక పెద్దాయన అడిగారు. అద్దెకు తీసుకున్న రెండెకరాల ఖాళీ స్థలంలో నలభై కార్లకు సున్నంతో గళ్లు గీసి, మాటంతా కారు రేడియోలోకి వెళ్లేలా ఏర్పాటు చేసుకుని కూర్చున్న మాకు ఆ రోజు వచ్చినవి తొమ్మిది కార్లు. మిగిలినవన్నీ మోటారు సైకిళ్లు, ఆటోలు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొచ్చిన ఒక ట్రాక్టరు తొట్టె. ఈ రెండు జిల్లాల్లో డ్రైవ్-ఇన్, అంటే తెచ్చుకున్న బండిలోనే కూర్చుని ఆరుబయట తెర మీద సినిమా చూసే థియేటరు, పెట్టదలచిన వారి కోసం ఇక్కడ రాస్తున్నదంతా ఆ ప్రశ్న నుంచి పుట్టినదే. బండి మీద వచ్చేవారికీ నేల మీద కూర్చునేవారికీ ముందు చోటు చూసి, ఆ తరువాత కార్ల వరుసలు గీయాలన్నది నా అభిప్రాయం.

ఈ వ్యాపారం పుట్టింది అమెరికాలో. 1933 జూన్ 6న న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన మొదటి డ్రైవ్-ఇన్ తెరిచారు. ముందు కారు వెనక కారుకు అడ్డం రాకుండా ప్రతి వరుసలోనూ కారు ముక్కును కొంచెం పైకి లేపే మట్టి గట్లు ఆయన పేటెంటు పొందిన ఉపాయం. ఆ పేటెంటు 1949లో కోర్టులో చెల్లకుండా పోయింది గానీ, గట్టు మాత్రం ఈనాటికీ పనికొస్తోంది. 1950ల చివరికి అక్కడ సుమారు 4,000 డ్రైవ్-ఇన్‌లు ఉండేవి. ఊళ్లు పెరిగి భూమి ధర ఆకాశానికంటాక, టిక్కెట్టు మీద వచ్చే ఆదాయం ఆ భూమి విలువకు సరితూగక వాటిలో చాలా భాగం మూతపడ్డాయి. మన దేశంలో అహ్మదాబాదులో 1973లో మొదలైన డ్రైవ్-ఇన్‌లో 665 కార్లు పడతాయి. అక్కడ తెర ముందున్న ఖాళీలో దుప్పట్లు పరుచుకుని కూర్చునేవారిని కూడా చూడవచ్చు. ముంబయిలో 2021లో ఒక భవనం పైకప్పు మీద 290 కార్ల డ్రైవ్-ఇన్ వచ్చింది. చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి నడిచినది ఇప్పుడు లేదు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ వ్యాపారాన్ని నిలబెట్టేదీ కూల్చేదీ భూమే అని తెలుస్తుంది. కాబట్టి అప్పు చేసి భూమి కొని డ్రైవ్-ఇన్ పెట్టవద్దు. సొంత భూమి ఉంటే సరే, లేకపోతే పదేళ్లకు తగ్గకుండా రిజిస్టరు చేయించుకున్న లీజు తీసుకోవాలి.

స్థలం

నాలుగు ఎకరాలు ఉంటే మన జిల్లాలకు సరిపోతుంది. లెక్క ఇలా వేసుకోవచ్చు. ఒక వరుసకూ తరువాతి వరుసకూ మధ్య 12 మీటర్లు, ఒక్కో కారుకు 3 మీటర్ల వెడల్పు ఇస్తే కారుకు 36 చదరపు మీటర్లు పడుతుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు కనుక కాగితం మీద ఎకరానికి 112 కార్లు వస్తాయి. తెర ముందు ఖాళీ, లోపలికి వచ్చే వరుస, క్యాంటీను, మరుగుదొడ్లు, బయటికి పోయే దారి తీసివేస్తే అందులో సగం కూడా మిగలదు. కారు గడిని 2.5 మీటర్లకు కుదించి ఇంకా నాలుగు కార్లు పట్టించాలనే ఆశ కలుగుతుంది గానీ అది పొరపాటు. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో ఇంజను ఆపి అద్దాలు బిగించుకుని కూర్చునేవారు ఎవరూ ఉండరు. అందరూ తలుపులు బార్లా తీసి కాళ్లు బయట పెట్టుకుంటారు కాబట్టి 3 మీటర్లు తప్పనిసరి.

స్థలం ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది అది రహదారికి ఏ పక్కన ఉందన్నది. 16వ నంబరు జాతీయ రహదారి భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాసల మీదుగా ఇచ్ఛాపురం దాకా తీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగుతుంది. ఆ రహదారికి తూర్పున, అంటే సముద్రం వైపు ఉన్న స్థలం దొరికితే తెరను పడమటి అంచున రోడ్డుకు వీపు పెట్టి తూర్పు ముఖంగా నిలబెట్టవచ్చు. అప్పుడు మునిమాపు వేళ పడమటి వెలుతురు తెర మీద పడదు, రోడ్డు మీద పోయే లారీల హెడ్‌లైట్లు కూడా పడవు. తెర మీది బొమ్మ రోడ్డు మీద బండి నడిపేవారి కంటికి కనబడి ప్రమాదం జరిగే అవకాశమూ తప్పుతుంది. రోడ్డుకు పడమట ఉన్న స్థలంలో ఈ మూడింటినీ ఒకేసారి సాధించడం కష్టం. అప్పుడు రోడ్డు పక్కన సరుగుడు చెట్ల వరుసో, ఎత్తయిన రేకుల అడ్డో తప్పదు. తీరానికి మరీ దగ్గరగా వెళ్లినా చిక్కే, ఎందుకంటే ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల అయితే తెర స్తంభాల ఎత్తుకు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం అవసరమేమో ముందే విచారించాలి.

జాతీయ రహదారి నుంచి స్థలంలోకి దారి తీయడానికి రహదారుల సంస్థ అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చినా, లోపలికి వచ్చే బండ్ల వరుస రోడ్డు మీదికి పాకకుండా చూడవలసినది మనమే. ఒక కారు దగ్గర టిక్కెట్టు చూసి, గడి నంబరు చెప్పి పంపడానికి 40 సెకన్లు పడుతుందనుకుంటే 80 కార్లను ఒక్క కౌంటరు నుంచి పంపడానికి 53 నిమిషాలు పడుతుంది, రెండు కౌంటర్లుంటే 27 నిమిషాలు. ఎనభై కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడితే అర కిలోమీటరు. అందుకే గేటును రోడ్డు అంచున పెట్టకుండా స్థలం లోపలి కొసన పెట్టి, అక్కడి దాకా మలుపులు తిరిగే దారి వేయాలి. మోటారు సైకిళ్లకు, ఆటోలకు వేరే గేటు ఉండాలి. ఈ రెండూ కలిసినచోట పండుగ రోజున ట్రాఫిక్కును పోలీసులు కూడా విడదీయలేరు.

తెర, వరుసలు, నేల

తెలుగు సినిమాలు ఎక్కువగా సినిమాస్కోప్ అనే వెడల్పాటి కొలతలో వస్తాయి కనుక 16 మీటర్ల వెడల్పు, 6.7 మీటర్ల ఎత్తు ఉన్న తెర మొదట చాలు. దాని అడుగు అంచు నేలకు 4 మీటర్ల ఎత్తున ఉంటే పై అంచు 10.7 మీటర్లకు వస్తుంది. కారులో కూర్చున్నవారి కన్ను నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. వారి చూపుకు కారు పైకప్పు అడ్డం రాకుండా తెర పై అంచు 15 డిగ్రీలకు మించని కోణంలో కనబడాలంటే మొదటి కార్ల వరుస తెరకు 35 మీటర్ల దూరాన ఉండాలి. అక్కడి నుంచి 12 మీటర్లకొకటి చొప్పున ఐదు వరుసలు వేస్తే చివరిది 83 మీటర్ల దూరాన పడుతుంది. అక్కడి నుంచి తెర, చేయి చాచి అడ్డంగా పట్టుకున్న సెల్‌ఫోను అంత కనబడుతుంది. ఆరో వరుస వేస్తే అంతకంటే చిన్నదవుతుంది, ఫోనులో చూడగలిగినదానికంటే చిన్న బొమ్మ చూడడానికి ఎవరూ డబ్బులివ్వరు.

తెరకూ మొదటి కారుకూ మధ్య మిగిలిన ఆ 35 మీటర్లు కార్ల లెక్కలో వృథా భూమి. నా లెక్కలో అదే థియేటరు గుండెకాయ. కారులో కూర్చున్నవారికి దగ్గరవడం వల్ల పనికిరాని చోటు, చాప మీద వెనక్కి వాలి కూర్చున్నవారికి చక్కగా పనికొస్తుంది. తెరకు 12 మీటర్లు వదిలి, అక్కడి నుంచి 33 మీటర్ల దాకా 40 మీటర్ల వెడల్పున నేల తరగతి పెడితే 840 చదరపు మీటర్లు వస్తుంది, 300 మంది పిల్లాపాపలతో ఒళ్లు విరుచుకుని కూర్చోవచ్చు. డేరా హాళ్లలో నేల టిక్కెట్టు కొని ఇసుక కుప్ప చేసుకుని కూర్చున్న తరం ఇంకా మన ఊళ్లలో ఉంది, వారికి ఇది కొత్తగా నేర్పవలసిన పని కాదు. రఘుపతి వెంకయ్యనాయుడు గారు 1910 ప్రాంతంలో బొమ్మతో పాటు శబ్దమూ వినిపించే క్రోనోమెగాఫోను అనే యంత్రం పట్టుకుని గుడారాల్లో బొమ్మలు చూపిస్తూ దేశం తిరిగిన నాటి నుంచీ మనవారు సినిమాను ముందుగా చూసింది నేల మీదనే. నేలకు గరిక పెంచితే మంచిది. ఇసుక పోయిస్తే వానకు కొట్టుకుపోతుంది, ఎండకు కుక్కలు తవ్వుతాయి.

నేలకు ఇరువైపులా ఆటోలు, మోటారు సైకిళ్లు నిలపాలి. వాటి వెనక కార్లు. కార్లలో కూడా బొలేరో, స్కార్పియో వంటి ఎత్తయినవి చివరి వరుసలకో, పక్కలకో పంపాలి. ఈ మాట గేటు దగ్గరే మర్యాదగా చెప్పాలి, లోపలికి వచ్చాక చెబితే తగువవుతుంది. గట్ల విషయానికొస్తే, కారును 5 డిగ్రీలు లేపాలంటే 2.4 మీటర్ల చక్రాల మధ్య దూరానికి ముందు చక్రాలు 21 సెంటీమీటర్లు పైకి రావాలి. ఇంతకు మించిన గట్టు వేస్తే చిన్న కార్ల అడుగు తగులుతుంది. గట్లను గ్రావెల్‌తో వేసి రోలరుతో తొక్కించి, రెండు గట్ల మధ్య నీరు పోయే కాలువ తప్పక తీయాలి. ఆట మొదలయ్యే ముందు నీళ్ల ట్యాంకరుతో ఒకసారి తడిపితే దుమ్ము అణుగుతుంది.

ఇక తెరను మోసే ఇనుప చట్రం గురించి ఖర్చు తగ్గించుకునే ఆలోచన పెట్టుకోవద్దు. భారత ప్రమాణాల సంస్థ గాలి పటంలో విశాఖపట్నానికి ఇచ్చిన మౌలిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అదే తీరం వెంబడి ఉన్న మనం కూడా ఆ లెక్కనే తీసుకోవడం క్షేమం. ఆ వేగంలో చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. 107 చదరపు మీటర్ల గట్టి తెర మీద అది సుమారు 16 టన్నుల తోపు, మిగతా గుణకాలు కలిపితే ఇంకా పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఈ తీరాన్ని తాకినవే. అందువల్ల నేను రేకు తెరకంటే, కప్పీలతో దించి చుట్టిపెట్టగలిగే బట్ట తెరను ఇష్టపడతాను. తుపాను హెచ్చరిక వచ్చిన గంటలో తెర దించేస్తే స్తంభాల మీద పడే బరువు చాలా తగ్గుతుంది. పునాదులు, స్తంభాలు మాత్రం అర్హత గల స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతోనే వేయించాలి.

వెలుతురు, వేళ

హాలులో డిజిటల్ సినిమాకు తెర వెలుగు (తెర నుంచి కంటికి వచ్చే వెలుగు) చదరపు మీటరుకు 48 క్యాండెలాలు ఉండాలన్నది ప్రమాణం. మామూలు తెల్ల తెరకు దాని అర్థం, ప్రొజెక్టరు వేసే వెలుగు చదరపు మీటరుకు దాదాపు 150 ల్యూమెన్లు, మన 107 చదరపు మీటర్లకు 16,000 ల్యూమెన్లు. ఆరుబయట పూర్తి చీకటి దొరకదు కనుక ఇంతకు తగ్గిన ప్రొజెక్టరు కొనవద్దు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే 5,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు ఇంత తెర మీద వేస్తే రాత్రి దృశ్యాల్లో మనుషులు కనబడరు. పౌర్ణమి వెన్నెల బొమ్మను చెడగొడుతుందేమోనని చాలామంది అడుగుతారు. చదరపు మీటరుకు ఒక ల్యూమెను పడితే దాన్ని ఒక లక్సు అంటారు; నిండు వెన్నెల వెలుగు లక్సులో నాలుగో వంతుకు మించదు, ప్రొజెక్టరు తెర మీద వేసే 150 లక్సుల ముందు అది లెక్కలోనిది కాదు. వెన్నెలకంటే పక్క పొలంలోని రొయ్యల చెరువు మీద రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైటు వెయ్యి రెట్లు ప్రమాదం. స్థలం తీసుకునే ముందు ఒక రాత్రి ఎనిమిది గంటలకు వెళ్లి అక్కడే నిలబడి చూడాలి.

తూర్పు తీరాన ఉండడం వల్ల ఒక లాభం ఉంది. శ్రీకాకుళంలో సూర్యుడు హైదరాబాదుకంటే ఇరవై నిమిషాల ముందే అస్తమిస్తాడు. డిసెంబరు మొదట్లో ఐదూ ఇరవైకి, జూన్‌లో ఆరున్నరకు సూర్యాస్తమయం. అది దాటిన నలభై యాభై నిమిషాలకు బొమ్మ వేయదగిన చీకటి పడుతుంది. అంటే చలికాలంలో ఆరుంపావుకే ఆట మొదలుపెట్టవచ్చు. రెండు గంటల నలభై నిమిషాల సినిమా, పదిహేను నిమిషాల ఇంటర్వెల్ కలిపినా తొమ్మిదిన్నరకు లోపే అయిపోతుంది, పల్లెలకు తిరిగి వెళ్లేవారికి అది ఎంతో అనుకూలం. వేసవిలో ఏడుంపావుకు గానీ మొదలుకాదు, పది దాటాక ముగుస్తుంది. ఈ పది గంటల గీత మాట విషయంలో మళ్లీ అడ్డం వస్తుంది.

మాట

డ్రైవ్-ఇన్‌లో మాటను కారు రేడియోకు చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు ద్వారా పంపుతారు. ట్రాన్స్‌మిటరు శక్తి ఎంత తక్కువైనా కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, వారు చెప్పిన అనుమతి చేతికొచ్చాకే ఆన్ చేయాలి. ఆన్‌లైన్‌లో దొరికే పరికరం తెచ్చి పెట్టేస్తే సరిపోతుందని చెప్పేవారి మాట వినవద్దు. విజయనగరంలో విశాఖ ఎఫ్ఎం స్టేషన్లు గట్టిగా వినబడతాయి కనుక వాటికి దూరంగా ఉన్న ఖాళీ ఫ్రీక్వెన్సీ కోరాలి. స్టీరియోకంటే మోనోలో పంపితే చివరి వరుసలో గరగర తగ్గుతుంది. ఫోను యాప్ ద్వారా మాట పంపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి గానీ, అవి ఆలస్యంగా చేరి పెదవులొకటి మాటొకటి అవుతాయి.

ఆటో పెద్దాయన ప్రశ్నకు జవాబు స్తంభాల స్పీకర్లు. తెర దగ్గర రెండు పెద్ద స్పీకర్లు పెట్టి ఊరంతా మోగించడం మనకు అలవాటైన పద్ధతే, డ్రైవ్-ఇన్‌లో అది చెల్లదు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కనుక 34 మీటర్ల అవతల ఉన్నవారికి అది పదో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. పక్క కారు రేడియోలో అదే మాట ముందే వచ్చి ఉంటుంది కాబట్టి ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. నేల చుట్టూ, బండ్ల మధ్య ఎనిమిది పది మీటర్లకొక పొట్టి స్తంభం నాటి, చిన్న స్పీకరును కిందికి వంచి, తక్కువ శబ్దంతో పెడితే ఆ చిక్కు ఉండదు, పక్క ఊరికీ ఇబ్బంది ఉండదు.

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, పగలు వాడడానికి కూడా అనుమతి ఉండాలి. అందుచేత స్పీకర్లతో నడిచే ఆట రోజుకొకటే. వేసవిలో పది దాటే సినిమా అయితే చివరి అరగంటకు నేల మీదివారి కోసం డిపాజిట్టు తీసుకుని ఇచ్చే జేబు రేడియోలు సిద్ధంగా ఉండాలి. లేదా నిడివి తక్కువ సినిమా ఎంచుకోవాలి. రెండోది తేలిక.

కాగితాలు

ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం, 1955, దాని కింద 1970లో వచ్చిన నియమాలు ఆరుబయట ప్రదర్శనకు కూడా వర్తిస్తాయి. లైసెన్సు కోసం కలెక్టరేటులో దరఖాస్తు చేసేటప్పుడు భూమి పత్రాలు, ప్లాను, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, విద్యుత్ తనిఖీ అధికారి ధ్రువీకరణ అడుగుతారు. స్థలం ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో, భూమి వినియోగం ఏమని నమోదై ఉందో తహసీల్దారు కార్యాలయంలోనూ ఆ సంస్థలోనూ రెండుచోట్లా చూసుకోవాలి. మా దరఖాస్తు ఒక బల్ల దగ్గర నాలుగు నెలలు ఆగింది. కారణం ఏమిటంటే, మేము ప్లానులో “పార్కింగు” అని రాసిన చోటే ప్రేక్షకులు కూర్చుంటారన్న సంగతి ఎవరికీ అర్థం కాలేదు. ప్లాను మీద “వాహన ప్రేక్షకుల స్థలం”, “నేల ప్రేక్షకుల స్థలం” అని విడివిడిగా రాసి, గళ్లకు నంబర్లు వేసి ఇచ్చాక కదిలింది.

సెన్సారు బోర్డు ధ్రువపత్రం ఉన్న సినిమానే వేయాలి. పెద్దలకు మాత్రమే అన్న సినిమా డ్రైవ్-ఇన్‌లో వేయకపోవడమే మేలు. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లవాడు కూడా ప్రేక్షకుడే అవుతాడు, పైగా గోడ అవతలి వారికి కూడా తెర కనబడుతుంది. క్రికెట్టు మ్యాచ్ చూపించమని కుర్రాళ్లు పట్టుబడతారు. బహిరంగ ప్రదర్శన హక్కు కొనకుండా అది చేయకూడదు.

సినిమా, డబ్బు

డిస్ట్రిబ్యూటర్ల భాషలో మనది ఉత్తరాంధ్ర ఏరియా. కొత్త సినిమాకు మొదటివారం మినిమమ్ గ్యారంటీ (వసూలు ఎంతైనా ఇచ్చి తీరవలసిన కనీస మొత్తం), అడ్వాన్సు అడుగుతారు. మంచి పేరున్న ఏసీ హాళ్లతో మొదటి రోజే పోటీపడితే డ్రైవ్-ఇన్ నష్టపోతుంది, ఎందుకంటే రోజుకు నాలుగాటలు వేసే హాలు లెక్కకూ ఒక్క ఆట వేసే మన లెక్కకూ పొంతన లేదు. రెండో వారం నుంచి షేరు పద్ధతిలో, అంటే వచ్చిన వసూలును పంచుకునే లెక్కన తీసుకోవడం, మళ్లీ విడుదలవుతున్న పాత సినిమాలు వేయడం మనకు నప్పుతుంది. ఇచ్ఛాపురం, పలాస వైపు అయితే నెలకొకటి ఒడియా సినిమా కూడా ఆడించవచ్చు. సినిమా డిజిటల్ రూపంలో వస్తుంది. దాన్ని తెరిచే డిజిటల్ తాళం మన సర్వరుకు (సినిమా ఆడించే కంప్యూటరుకు) మాత్రమే, చెప్పిన రోజులకు మాత్రమే పనిచేస్తుంది. వానకు ఆట ఆగిపోతే మరునాటికి తాళం గడువు ఉంటుందో లేదో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

టిక్కెట్టు అమెరికాలో మాదిరి బండికింత అని పెట్టవద్దు. మన ఆటోలో ఎంతమంది పడతారో మనకు తెలుసు. మనిషికింత అని, మూడు తరగతులు పెట్టాలి. ప్రాంతాన్ని బట్టి రేట్లు నిర్ణయిస్తూ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లోనూ 2022 మార్చిలోనూ ఉత్తర్వులిచ్చింది కనుక రేటును లైసెన్సు అధికారులతో ఖరారు చేసుకోవాలి. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల దాకా టిక్కెట్టుకు 5 శాతం, అది దాటితే 18 శాతం. వంద దాటించే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఉదాహరణకు ఒక మంచి శనివారం 40 కార్లలో 120 మంది, 80 బండ్ల మీద 160 మంది, నేలకు 150 మంది వచ్చారనుకుందాం. వరుసగా 100, 60, 30 రూపాయలు పెడితే 26,100 రూపాయలు. పన్ను పోను సుమారు 24,850. సగం డిస్ట్రిబ్యూటరుకు పోతే మనకు 12,400. అదే 430 మంది మనిషికి 50 రూపాయల చొప్పున క్యాంటీనులో ఖర్చుపెడితే 21,500, సరుకు ఖర్చు సగం పోను 10,750. రెండూ కలిపి 23,150 రూపాయలు. వానలు, తుపానులు పోను నవంబరు చివరి నుంచి జూన్ మొదటి దాకా శుక్ర, శని, ఆదివారాలు, పండుగలు కలిపి 90 రాత్రులు లెక్కవేస్తే ఇరవై లక్షలకు కొంచెం పైన. అందులోనే అద్దె, జీతాలు, కరెంటు, డీజిలు, వడ్డీ. వారం మధ్యలో రోజూ ఆట వేస్తే ఆదాయం పెరుగుతుందనుకోవడం భ్రమ, డీజిలు ఖర్చు పెరుగుతుంది. ఆ రోజులకు స్థలాన్ని పెళ్లి రిసెప్షన్లకో, ఎగ్జిబిషన్లకో, డ్రైవింగు నేర్పేవారికో ఇవ్వడం మంచిది. కార్ల వరుసలు పూర్తిగా నిండేది సంక్రాంతికే. హైదరాబాదు, చెన్నై, విశాఖల్లో ఉంటున్న మన జిల్లాలవారు ఆ పది రోజులు కార్లేసుకుని ఊళ్లకు వస్తారు. విజయనగరంలో సిరిమానోత్సవం నాటికి అక్టోబరు వాన భయం ఉంటుంది కనుక దాన్ని నమ్ముకుని అడ్వాన్సులు ఇవ్వవద్దు.

క్యాంటీను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మనవారికి తినడం నేర్పాల్సిన పని లేదు. మురీ మిక్చరు, మిరపకాయ బజ్జీ, కాల్చిన మొక్కజొన్న పొత్తు, వేయించిన పలాస జీడిపప్పు, వేసవిలో తాటిముంజలు, చలికాలంలో తేగలు, టీ ఉంటే పాప్‌కార్న్ యంత్రం మీద అంత ఖర్చు అక్కరలేదు. ఇంటర్వెల్ పదిహేను నిమిషాల్లో అందరూ ఒక్కసారే వస్తారు కాబట్టి, ఆట మొదలైన అరగంట నుంచి గడి నంబరు చూసి బండి దగ్గరికే తెచ్చిచ్చే కుర్రాళ్లను నలుగురిని పెట్టాలి. వారి చేతిలో తెల్ల టార్చికి బదులు ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉండాలి. ఆహార భద్రత లైసెన్సు, మంచినీళ్లు, ఆడవారికి విడిగా శుభ్రమైన మరుగుదొడ్లు ఇవి లేకుండా గేటు తెరవవద్దు.

రాత్రి పని

మొదటి వానలు పడిన సాయంత్రాన మేము నేర్చుకున్న పాఠం ఉసుళ్ళది. జూన్ రెండో వారం, పగలు జల్లు పడి ఆగింది, బొమ్మ వేయవచ్చనుకున్నాం. పేర్లు పడుతుండగానే ప్రొజెక్టరు కాంతి దారిలో వేల ఉసుళ్ళు లేచి, తెర మీద హీరో ముఖమంతా మినుగుమినుగుమంటూ కదిలింది. పావుగంటకు ప్రొజెక్టరు గాలి జాలీ రెక్కలతో మూసుకుపోయి, యంత్రం వేడెక్కి తనంతట తానే ఆగింది. అప్పటి నుంచి ప్రొజెక్టరు గదికి గాజు పలక బిగించి, జాలీకి సన్నని వల కట్టి, స్థలం దూరపు మూలలో ఒక పెద్ద లైటును ఆటకు గంట ముందు వెలిగించి పురుగులను అటు మళ్లిస్తున్నాం. చలికాలంలో ఇబ్బంది వేరు, మంచు కురిసి కారు అద్దాలు మసకబారతాయి. గడి దగ్గరే ఒక పొడి గుడ్డ ఇస్తే జనం వైపర్లు వేసి బ్యాటరీ ఖర్చు చేయరు. వాన ఇంటర్వెల్‌కు ముందే వచ్చి ఆట ఆగితే టిక్కెట్టు వెనక ముద్ర వేసి మరో రోజుకు చెల్లేలా ఇవ్వాలి. ఇంటర్వెల్ తరువాత ఆగితే ఇవ్వనవసరం లేదని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

కొత్త కార్లకు హెడ్‌లైట్లు ఆపినా, ముందు వైపు పగలు కూడా వెలిగే చిన్న లైట్లు ఆరవు. కొన్ని మోడళ్లలో హ్యాండ్‌బ్రేకు వేస్తే ఆరుతాయి, ఆరనివాటికి కప్పడానికి నల్ల గుడ్డలు పెట్టుకోవాలి. ఏసీ కోసం ఇంజను నడుపుతూ అద్దాలు బిగించుకుని పిల్లలను నిద్రపుచ్చడం ప్రాణాపాయం, పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండా చంపుతుంది. ఈ సంగతి ఆట మొదలయ్యే ముందు రేడియోలోనూ స్పీకరులోనూ తెలుగులో స్పష్టంగా చెప్పాలి.

ఆట అయిపోయాక బయటికి పంపే వరుస ముందే నిర్ణయించుకోవాలి. మొదట నేల మీదివారు, వారు గేటు దాటాక ఆటోలు, మోటారు సైకిళ్లు, ఆ తరువాత వెనక వరుస నుంచి ఒక్కో వరుస చొప్పున కార్లు. మూడు గంటలు రేడియో మోగాక పాత బ్యాటరీ కార్లు రెండు మూడు స్టార్టు కావు. అందుకు ఒక మంచి బ్యాటరీ, రెండు దట్టమైన తీగలు, తోయడానికి ఇద్దరు మనుషులు చివరి దాకా ఉండాలి. ఆ ఆఖరి కారు రోడ్డెక్కే దాకా జనరేటరు ఆపవద్దు.